పదకొండు గంటల బుల్‌బుల్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కాలంలో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ లేదు. అంత జ్ఞానం ఒక్క మనిషిలో, అదీ గట్టిగా గాలి వీస్తే స్తంభం పట్టుకోవలసిన నాలాంటి బక్క మనిషిలో ఎట్లా పట్టిందో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. తర్వాత ఏడాదికింత చొప్పున అది కరిగిపోయి, ఇప్పుడు నలుగురితో సమానంగా బతుకుతున్నాను. మాది పగిడ్యాల. నంద్యాలలో డిగ్రీ చదివి, అక్కడే ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్లు చూసే పనికి కుదిరాను. మా ఓనరును అందరూ మొలకన్న అనేవారు. ఎదురుపడిన ప్రతివాడినీ ఆయన అడిగే మొదటి మాట "మొలకెంత?" అనే, అంటే వందకు ఎన్ని గింజలు మొలకెత్తాయని. (ఒకసారి పెళ్లిలో పురోహితుణ్ణి కూడా అడిగాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు గానీ నమ్ముతాను.) ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీ పని ఈడ కాదప్పా, ఆళ్ళగడ్డలో. సర్వరు ఆడుంది. నువ్వూ ఆడుండు" అన్నాడు. అంతటితో ఇంటర్వ్యూ అయిపోయింది.

ఆళ్ళగడ్డ బయట మెయిన్ రోడ్డు పక్కన కంపెనీ గోడౌను ఉండేది. కింద విత్తనాల బస్తాలు, ఒక పక్క మొలక పరీక్ష చేసే గది. పైన ఒకే ఒక్క గది, అందులో సర్వరు, నేను. ఆ సర్వరు మీద లినక్సు నడిచేది. ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకోగలిగిన, లోపల ఏముందో విప్పి చూసుకోగలిగిన వ్యవస్థ అది. ఒక్కో విడత సరుకును లాటు అనేవారు. ఏ లాటు విత్తనాలు ఏ రైతు చేలో పండినవి, వందకు ఎన్ని మొలకెత్తాయి, ఏ లాటు అమ్మాలి, ఏది పక్కన పెట్టాలి, అన్నీ అందులోనే ఉండేవి. నంద్యాల ఆఫీసు వాళ్లు, దొర్నిపాడు వైపు తిరిగే ఫీల్డు మనుషులు ఇంటర్నెట్టులోంచే అందులోకి వచ్చేవారు. నా గదికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. పక్క షెడ్డులో శిల్పులు పొద్దుటినుంచి టకటక రాళ్లు చెక్కుతూ ఉండేవారు. వాళ్ల పనికి అడ్డం పోవడానికి నాకు మొహమాటం. గేటు దగ్గర ఒక తాత ఉండేవాడు. పొద్దున "వస్తివా" అనేవాడు, సాయంత్రం "పోతాండావా" అనేవాడు. కొన్ని రోజులు నేను మనుషులతో మాట్లాడిన మాటలు ఆ రెండింటికి జవాబులే. మధ్యాహ్నం క్యారియరు విప్పుకుని సర్వరు ముందు కూర్చుని తినేవాణ్ణి. అది గుయ్‌మని ఫ్యాను తిప్పుకుంటూ ఉండేది. ముద్ద నోట్లో పెట్టుకుంటూ "పప్పులో ఉప్పు తక్కువైంది" అని నేను పైకే, సర్వరుతోనే, అన్నానని ఒకరోజు గమనించాను.

ఆ ఒంటరితనంలోనే నాకు లాగ్ ఫైళ్లు చదవడం అలవాటైంది. సర్వరు తలుపు ఎవరు తట్టినా, ఏ పేరు చెప్పినా, పాస్‌వర్డు తప్పు కొట్టినా, అది ఒక్కో వరుసగా రాసి పెడుతుంది. మొదటిసారి తెరిచి చూసినప్పుడు నా కళ్లు తిరిగాయి. నిమిషానికి నిమిషం ఎవరో ఒకరు తడుతూనే ఉన్నారు. "అడ్మిన్" అని ఒకడు, "రూట్" అని ఒకడు, "ఒరాకిల్" అని ఇంకొకడు. ఏయే దేశాలవాళ్లో! అవన్నీ మనుషులు కాదనీ, లోకంలో కనిపించిన ప్రతి తలుపునూ తట్టుకుంటూ పోయే ప్రోగ్రాములనీ నాకు తెలుసు. తెలిసి కూడా (ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది) లోపల ఎక్కడో చిన్న సంతోషం. ఆళ్ళగడ్డలో నా తలుపు తట్టేవాడు లేడు, ఇక్కడ ప్రపంచమంతా క్యూ కట్టింది! మా నాయన ఫోన్ చేసి "ఆడ తోడు ఎవురన్నా ఉండారా నాయనా?" అంటే, "శానామంది వస్తాంటారు నాయనా" అన్నాను. అబద్ధమైతే కాదు.

అట్లా చదువుతుండగా ఒకరోజు నాకు గుండె ఆగినంత పనైంది. తప్పు పాస్‌వర్డుల నడుమ ఒక వరుస వేరుగా ఉంది. ఎవరో లోపలికి వచ్చారు. పేరు: బుల్‌బుల్. ఉదయం పదకొండు గంటలకు వచ్చి, పది నిమిషాలుండి, వెళ్లిపోయారు. వెనక్కి వెనక్కి తిప్పి చూశాను. నేను చేరకముందు నుంచీ ఇదే వరస, రోజూ పదకొండుకే. ఆదివారం కూడా! అడ్రసు వెతికితే హైదరాబాదు అని చూపించింది. (మా వైపు ఇంటర్నెట్టు కనెక్షన్లు సగం హైదరాబాదువిగానే కనిపిస్తాయని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నేను సర్వజ్ఞుణ్ణి కాబట్టి తెలియాల్సిన అవసరం పడలేదు.) వెంటనే తలుపు మూసి, ఓనరుకు ఫోన్ చెయ్యాలి కదా? చెయ్యలేదు. రేపు వస్తే పట్టుకుందామనుకున్నాను. మర్నాడు పదకొండుకు స్క్రీను ముందు కూర్చున్నాను. బుల్‌బుల్ వచ్చింది. ఏం చేస్తోందో నాకు అంతు చిక్కలేదు, వెళ్లిపోయింది. మళ్లీ రేపు చూద్దామనుకున్నాను. అట్లా పది రోజులు గడిచాయి. చివరికి పదింపావుకే పనులన్నీ ముగించుకుని ముఖం కడుక్కుని, తల దువ్వుకుని కూర్చునే స్థితికి వచ్చాను. దొంగ కోసం తల దువ్వుకున్న కాపలావాడు రాయలసీమ చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పదకొండో రోజున మొలకన్న గోడౌనుకు వచ్చాడు. మెట్లెక్కి పైకి వచ్చి, "సర్వరు మొలకెంత?" అన్నట్టు చూశాడు. నా తెలివి చూపించుకునే అవకాశం వచ్చింది కదా అని, "అన్నా, ఒక దొంగను కనిపెట్టినా" అన్నాను.

"ఏందీ? దొంగా? యాడ?"

"సర్వరులో అన్నా. రోజూ పదకొండుకు వస్తాడు. పది దినాలనుంచి చూస్తాండా."

"పది దినాలనుంచి చూస్తాండావా? తలుపేయకుండా?"

"అలవాట్లు గమనిస్తాండా అన్నా."

"పిల్లికి పాలు పోసి అలవాట్లు చూస్తారప్పా. దొంగకు తలుపేస్తారు. బేగా మూయ్!" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా నేను యుద్ధం చేశాను. బుల్‌బుల్ ఖాతా తీసేశాను. పాస్‌వర్డుకు బదులు అది వాడే తాళంచెవి ఫైలును చెరిపేశాను. అందరి పాస్‌వర్డులూ మార్చాను. మూడుసార్లు తప్పు కొట్టిన అడ్రసును బయటికి తోసే ప్రోగ్రామొకటి పెట్టాను. ఇంతలో ఒక వింత కనబడింది. నేను మొదటి వారంలో సాధన కోసం తెరిచిన "టెస్ట్" అనే ఖాతాకు ఎవరో లోపలినుంచే తాళం వేసి ఉన్నారు. బుల్‌బుల్ పనే! నాకు ఒళ్లు మండింది. నా ఖాతాకు తాళం వేస్తాడా! ఎప్పుడైనా నేనే బయట చిక్కుకుంటే లోపలికి రావడానికి ఉంటుందిలే అని దాన్ని మళ్లీ తెరిచి, నాకు మరిచిపోకుండా ఉండేలా పాస్‌వర్డు పెట్టాను. "టెస్ట్" పక్కన ఒకటి, రెండు, మూడు.

మర్నాడు పదకొండుకు లాగ్‌లో బుల్‌బుల్ మూడుసార్లు తట్టింది. అటువంటి మనిషి ఎవరూ లేరని సర్వరు జవాబిచ్చింది. ఆ మర్నాడూ మూడుసార్లు. మూడో రోజూ అంతే. నాలుగో రోజు రాలేదు. గెలిచినవాడికి ఉండాల్సిన సంతోషం కోసం నేను కుర్చీలో చాలాసేపు ఎదురు చూశాను. అది కూడా రాలేదు. ఆ మధ్యాహ్నం క్యారియరు సగంలోనే మూసేశాను.

తర్వాత వారం తిరిగేసరికి సర్వరు ఫ్యాను మోత మారింది. గుయ్‌మనేది కాస్తా రైసుమిల్లు మాదిరి రొదపెట్టడం మొదలైంది. పెట్టె మీద చెయ్యి పెడితే పెనం మాదిరి కాలింది. లోపల చూస్తే, ఊరూపేరూ తెలియని ఒక ప్రోగ్రాము యంత్రం శక్తినంతా తాగేస్తోంది. ఎవడో మన కరెంటుతో, మన యంత్రంతో వాడి లెక్కలేవో చేయించుకుని లాభం చేసుకుంటున్నాడు. నేను దాన్ని చంపాను. రెండు నిమిషాలకు మళ్లీ లేచింది. మళ్లీ చంపాను, మళ్లీ లేచింది. చివరికి అది రికార్డుల డైరెక్టరీలోనే ఒక మూల దాక్కున్న చోటు దొరికింది. దాన్ని తుడిచేయమని ఆదేశం టైపు చేశాను. ఆ చోటుకు దారి చూపే పేరు మధ్యలో వేలు జారి ఒక్క ఖాళీ పడింది. ఖాళీ పడితే యంత్రం దాన్ని రెండు పేర్లుగా చదువుకుంటుంది: మొదటిది రికార్డుల డైరెక్టరీ మొత్తం, రెండోది దొంగది. అది నా మాట విని, మొదటిది శుభ్రంగా తుడిచేసింది. రెండో పేరుతో ఆ చోట ఏమీ లేకపోవడంతో ఊరుకుంది. దొంగ ముట్టుకోని రికార్డులన్నీ కాపలావాడు ఊడ్చి పారేశాడు.

మొలకన్నకు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది.

"రేపు లారీలు వస్తాయప్పా. కింద కుప్పలుండాయే, అందులో రెండు మొలకెత్తనివి. అమ్మకూడదని లెక్కల్లో గుర్తు పెట్టిస్తిమి. అవి ఏవి? లాటు నంబర్లు చెప్పు."

"సర్వరులో ఉన్నాయన్నా. ఉండె."

"మొలక ల్యాని ఇత్తనాలు రైతు కాడికి పోతే వాని సంవత్సరం పోతాది. నాది కాదు, వానిది. అర్థమాయనా?" అని ఆగి, "రేడియో సాబ్ కాడికి పో. ఇప్పుడే పో. నంద్యాల నూనెపల్లెలో అడిగితే ఎవురైనా చెప్తారు" అన్నాడు.

రేడియో సాబ్ అంటే నాకు ముందు ఆ సర్వరు పెట్టి నడిపినాయన. ఏళ్లకొద్దీ రేడియోలు బాగు చేసి, రేడియోలు పోయాక ఎవరూ నేర్పకుండానే లినక్సు నేర్చుకున్నాడట. చూపు మందగించి ఉద్యోగం మానేశాడని మాత్రం విన్నాను. పాతకాలపు మనిషిని కలిస్తే నాకేం వస్తుందిలే అని ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ రోజు బస్సెక్కితే శిరివెళ్ల దాటేదాకా ఆయనతో ఏమని మొదలుపెట్టాలా అని మాటలు అల్లుకుంటూనే ఉన్నాను. నూనెపల్లెలో చిన్న సందు, పచ్చ రంగు తలుపు. తట్టగానే లుంగీ బనియనుతో, సీసా అడుగు మాదిరి మందంగా ఉన్న కళ్లద్దాలతో ఒక పెద్దాయన తీశాడు. గది నిండా విప్పదీసిన రేడియోలు. ఒక మూల పాత కంప్యూటరు, స్క్రీను మీద అక్షరాలు ఒక్కొక్కటీ బొటనవేలంత పెద్దవి. నేను ఎవరినో చెప్పాను. ఆయన తల పంకించి, కుర్చీ చూపించి, మెల్లగా అడిగాడు.

"నా బుల్‌బుల్‌ను తరిమినోడివి నువ్వేనా బేటా?"

నేను కుర్చీలో కూర్చోబోతూ సగంలో ఆగిపోయాను.

"మీరా సాబ్?"

"నా రేడియో దుకాణం పేరు అది. కూర్చో, కూర్చో. రోజూ ఏం చేస్తాంటినో తెల్సా? ఆ పెట్టెలో రెండో డిస్కు ఉంది. దానికి బీగం ఉంది. బీగం మాట కొడితేనే తెరుచుకుంటాది. రోజూ తెరిచి, ఆ పొద్దు లెక్కలు అందులోకి నకలు తీసి, మళ్లా మూసేస్తాంటి. మానేసే నాడు ఈ సంగతి చెప్పల్ల గదా, చెప్పకపోతి. తప్పే అది."

"ఎందుకు చెప్పలేదు సాబ్?"

ఆయన కళ్లద్దాలు తీసి బనియనుతో తుడుచుకున్నాడు. "చెప్తే బీగంచెవి అడుగుతారు గదా. ఇంట్లో పదకొండుకు నాకేం పనుంది? ఏదో ఒకటి చెవి కాడ గుయ్‌మంటాండల్ల నాకు. నువ్వు తలుపేసినాక ఓనరుకు చెప్దామనుకుంటి. పని మానేసినోడు ఇంకా లోపలికి పోతాండాడని ఏ మొగం పెట్టుకుని చెప్పేది?"

నా గదిలోని సర్వరుకు అటువైపున కూడా ఒక మనిషి నాలాగే కూర్చుని ఉన్నాడని అప్పుడు తెలిసింది. అయితే దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ఇద్దరం తిరుగు బస్సెక్కాం. దారిలో ఆయన ఒక్కటే ప్రశ్న వేశాడు. "తీగ పీకినావా?" "ఏ తీగ సాబ్?" "ఇంటర్నెట్టు తీగ బేటా! దొంగ ఇంట్లో ఉండంగా వీధి తలుపు తెరిచిపెట్టి వస్తివా?" బస్సులోంచే గేటు తాతకు ఫోన్ చేసి, పైకెళ్లి నీలం రంగు తీగ పీకమన్నాను. తాత పీకాడు. (ఫోన్ దించకుండానే "ఇంగేమన్నా పీకల్నా?" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన మాటల్లో అదే అన్నిటికన్నా పొడుగైంది.)

పైకి వచ్చాక రేడియో సాబ్ ముక్కు స్క్రీనుకు ఆనేంత దగ్గరగా కూర్చుని, లాగ్ చదవమని నాతో చదివించుకున్నాడు. చదువుతూ చదువుతూ ఒక చోట నేను ఆగిపోయాను.

"ఏమాయ? చదువు."

"లోపలికి వచ్చింది టెస్ట్ అనే ఖాతా గుండా సాబ్."

"ఈ టెస్ట్ ఎవురు?"

"...నేనే సాబ్."

"దానికి నేను బీగం ఏసింటినే!"

"నేనే మళ్లా తెరిస్తి సాబ్."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం ఊగేట్టు నవ్వాడు. నాకు ఏడుపు రావాలి గానీ, ఆ గదిలో ఇంకొకరు నవ్వడం అదే మొదటిసారి కాబట్టి నేనూ నవ్వేశాను. తర్వాత ఆయన ఒక్కో వేలితో వెతుక్కుంటూ బీగం మాట కొట్టాడు. రెండో డిస్కు తెరుచుకుంది. అందులో బుల్‌బుల్ చివరిసారి వచ్చిన రోజు దాకా ఉన్న రికార్డులన్నీ ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. మొలకెత్తని రెండు కుప్పల నంబర్లు కూడా దొరికాయి. వాటిని కాగితం మీద రాసుకుని నేను మెట్లు దిగి పరుగెత్తాను. గోడౌనులో ఆ బస్తాల మీద ఎర్ర చాకుపీసుతో అడ్డగీతలు గీసి వచ్చాను.

నేను తలుపేసిన రోజునుంచి జరిగిన పరీక్షలు మాత్రం ఎక్కడా లేవు. వాటి కోసం కింద మొలక గదిలో ఇంకా పారేయకుండా ఉన్న కాగితాలన్నీ తెచ్చి, దొర్నిపాడు ఫీల్డు మనుషులకు ఫోన్లు చేసి, ఒక్కొక్కటీ మళ్లీ ఎక్కించాను. ఒక లాటు కాగితం ఎంత వెతికినా దొరకలేదు. మొలకన్న దాన్ని లారీ ఎక్కించనివ్వలేదు. మళ్లీ పరీక్ష పెట్టించాడు. మర్నాడూ ఆ మర్నాడూ రేడియో సాబ్ పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లాడు. "దొంగ తిరిగిన ఇల్లు ఊడిస్తే చాలదు, కూలగొట్టి కట్టుకోవల్ల" అని పాత డిస్కు మొత్తం తుడిపించి, లినక్సు మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. పాస్‌వర్డుతో ఎవరూ రాకూడదు, తాళంచెవి ఉన్నవాళ్లే రావాలి. రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న పేరుతో, ఎవరూ నేరుగా రాకూడదు. పని లేని సర్వీసు ఒక్కటి కూడా నడవకూడదు. అప్‌డేట్లు వాయిదా వెయ్యకూడదు. నకలు తీశానని ఊరుకోక, వారానికొకసారి ఆ నకలు తెరిచి చూడాలి. ఇవన్నీ నాకు ముందే తెలుసు. పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చెయ్యాలని మాత్రం తెలియలేదు.

చివరగా ఎవరెవరికి తాళంచెవి ఇవ్వాలో రాసుకుంటున్నప్పుడు, నేను మొహమాటంగా, "బుల్‌బుల్‌ను కూడా పెడతా సాబ్" అన్నాను. నిజంగానే పెట్టాలనుకున్నాను. పదకొండు గంటలకు ఎవరో ఒకరు రావడం నాకూ కావాలి.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు బేటా. పని ల్యానోని బీగంచెవి నీ కాడ ఉండకూడదు. ఈ రెండు దినాలు నీకు నేర్పిందంతా అదే గదా."

బీగం మాటను నాతో కొత్తగా పెట్టించి, ఒక కాగితం మీద రాయించి, కవరులో పెట్టి అతికించి, మొలకన్నకు ఇమ్మన్నాడు. లేచి, వెళ్తూ వెళ్తూ ఆ పెట్టె మీద ఒక్కసారి అరచెయ్యి ఆనించాడు. వేడి చూస్తున్నాడనుకున్నాను. చెయ్యి తియ్యడానికి మాత్రం కాసేపు పట్టింది.

తర్వాతి ఆదివారం నేను నంద్యాల బస్సెక్కాను. ఊరికే పోయి తలుపు తట్టడానికి ముఖం చెల్లలేదు. అందుకని ఫైర్‌వాల్ గురించి ఒక డౌటు చీటీ మీద రాసుకుని వెళ్లాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు, చాయ్ పోశాడు. ఆ తర్వాతి ఆదివారానికి ఇంకో డౌటు. అట్లా నేను అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆదివారం తప్పలేదు. కష్టమంతా డౌట్లతోనే వచ్చింది. ఎన్నని పుడతాయి! బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చీటీ మోకాలి మీద పెట్టుకుని, పెన్ను కొరుక్కుంటూ, నంద్యాల వచ్చేలోగా ఏదో ఒక అనుమానం కల్పించాలని తంటాలు పడేవాణ్ణి. ఒకసారి రాసిందే మళ్లీ రాసుకుని వెళ్లాను. ఆయన అది చదివించుకుని, "ఇది పోయిన నెల అడిగింటివి" అని, చాయ్ గ్లాసు నా వైపు జరిపి, "డౌటు ల్యాకపోయినా రావచ్చులే బేటా" అన్నాడు.

ఆ మాట విన్నాక కూడా మరుసటి ఆదివారం జేబులో చీటీతోనే వెళ్లాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. పిచ్చివాడు, పక్క సీటులో కూర్చున్నవాళ్లకు చీటీ కనబడకుండా అరచేత్తో కప్పుకుని రాసుకునేవాడు.